దసరాకి దులిపిస్తే దీపావళికి మళ్ళీ బూజు! ఈ సాలీళ్ళతో వేగేదెలా?

మూడో_అంతస్తు
పటమటలో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. దసరా ముందు మనిషిని పెట్టి ఇల్లంతా బూజు దులిపించా. 1,200 తీసుకున్నాడు. పది రోజులు తిరక్కుండా మళ్ళీ ప్రతి మూలా గూళ్ళే. హాల్లో ఫ్యాను దగ్గర, టీవీ వెనకాల, ఆఖరికి పూజగదిలో కూడా. ఇది చాలదన్నట్టు మొన్న రాత్రి బాత్రూం గోడ మీద అరచెయ్యంత సాలీడు. లైటు వేస్తే పారిపోతుందనుకున్నా, కదల్లేదు. మా ఆవిడ ఆ రోజు నుంచి ఆ బాత్రూం వైపు పోవట్లేదు. మిగిలిన ఒక్కదాని ముందు పొద్దున్నే ఐదుగురం వరసలో నిలబడుతున్నాం.

మా అత్తగారు దసరాకి వచ్చి ఇక్కడే ఉన్నారు. "ఇల్లు శుభ్రంగా ఉంటే ఇవెందుకు వస్తాయి" అని గోడతో అంటారు. వినాల్సింది నేను.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళనీ పిలిచా. అదొక 1,800. బొద్దింకలు వెల్లకిలా పడ్డాయి. సాలీళ్ళు మాత్రం మూడో రోజుకే కొత్త గూడు కట్టాయి. ఎండాకాలంలో ఇన్ని కనపడవు. సరిగ్గా వానలు తగ్గి చలి ఇంకా రాని ఈ రెండు నెలలే ఎందుకిలా? నిజంగా పనిచేసిన ఉపాయం ఉంటే చెప్పండి. విన్నవి వద్దు, చేసినవి కావాలి.

గుంటూరు_గొడ్డుకారం
నాలుగు ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసి తలుపులు మూసెయ్యండి.

మూడో_అంతస్తు
చేశారా, విన్నారా?

గుంటూరు_గొడ్డుకారం
చేశాం. అరండల్‌పేటలో మా పాత పెంకుటిల్లు. మా నాన్న మిర్చి యార్డు నుంచి తెచ్చిన తాలుకాయలు గుప్పెడు తీసి కుంపట్లో వేశారు. రెండు నిమిషాల్లో ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వీధిలో. నాలుగో నిమిషానికి పక్కింటి వాళ్ళు కూడా. అరగంట తర్వాత కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్తే సాలీడు ఉన్నచోటే ఉంది. ఇల్లు ఖాళీ చేసింది మేమే.

బందరురోడ్డు_బాబాయ్
పనిచేసిన ఉపాయం అడిగితే పని పట్టిన ఉపాయం చెప్పాడు.

బ్రాడీపేట_పద్మ
నేను చేసింది చెప్తా. నీళ్ళలో వేపనూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి మూలల్లో కొట్టా. వారం రోజులు సాలీళ్ళు రాలేదు. చుట్టాలు కూడా రాలేదు, ఆ వాసనకి.

కృష్ణలంక_కిట్టు
కర్పూరం, లవంగాలు గుడ్డలో మూటకట్టి మూలల్లో పెట్టండి. మా ఇంట్లో ఐదేళ్ళుగా అదే.

బ్రాడీపేట_పద్మ
ఐదేళ్ళుగా పెడుతూనే ఉన్నారంటే పోనట్టే కదా కిట్టు గారూ.

రిటైర్డ్_జువాలజీ
మూడో అంతస్తు గారూ, మీరు ఒకే ఫిర్యాదులో ఇద్దరు ముద్దాయిల్ని కలిపేశారు. విడదీద్దాం.

మూలల్లో బూజు పెట్టేది సన్నగా, వెంట్రుకల్లాంటి పొడుగు కాళ్ళతో ఉంటుంది. గూటికి వేలు తగిలితే ఒళ్ళంతా గిర్రున ఊపేస్తుంది, కంటికి ఆనదు. అది దాని ఆత్మరక్షణ. బాత్రూంలో మీరు చూసింది వేరే జాతి. ఇంగ్లీషులో హంట్స్‌మన్ అంటారు, వేటగాడని. అది వల కట్టదు. దాని బతుకు రాత్రిపూట తిరిగి బొద్దింకల్ని పట్టుకోవడం మీదే నడుస్తుంది. ఒళ్ళు అప్పడంలా పలచన, అందుకే తలుపు సందుల్లోంచి కూడా దూరిపోతుంది. బాత్రూంకే ఎందుకొచ్చిందంటే, మీ నీళ్ళ జాలీలోంచి బొద్దింకలు పైకి వస్తున్నాయి కనక.

ఇక ఈ నెలల్లోనే ఎందుకంటారా? వానలకి గడ్డి, గడ్డితో పురుగు. ఆశ్వయుజ కార్తీకాలకి ఆ పురుగంతా రెక్కలొచ్చి దీపాలకి ఎగబడుతుంది. వానాకాలమంతా తిని పెరిగిన సాలీళ్ళు సరిగ్గా ఇప్పుడే మన కంటపడేంత అవుతాయి. మేత ఎటుంటే అటు.

పది రోజుల్లో బూజు మళ్ళీ ఎలా వచ్చిందో చెప్తా. ఆ పొడుగు కాళ్ళది గుడ్లని గూట్లో వదలదు. ముద్దగా చేసి నోట కరుచుకుని తిరుగుతుంది. కర్ర తగలగానే గుడ్లతో సహా పక్కకి జారుకుంటుంది. ఆ రాత్రికే ఇంకో మూల కొత్త దారం. కొత్తది కంటికి కనపడదు. దుమ్ము పట్టాక దాన్నే మనం బూజు అంటాం. అంటే మీవాడు 1,200 తీసుకుని ఖాళీ ఇళ్ళు కూల్చి వెళ్ళాడు.

మూడో_అంతస్తు
ఖాళీ ఇళ్ళు! మాష్టారూ, ఈ ముక్క మా అత్తగారికి చదివి వినిపించా. "ఎవరో తెలిసినాయన్లా ఉన్నాడు" అన్నారు. నాకు ఈ ఇంట్లో దక్కని మర్యాద.
మరి పెస్ట్ కంట్రోల్ మందుకి బొద్దింకలు చచ్చి ఇవి ఎలా బతికాయి?

రిటైర్డ్_జువాలజీ
బొద్దింక పొట్ట నేలకి రాసుకుంటూ పాకుతుంది, పైగా కాళ్ళూ మీసాలూ నోటితో శుభ్రం చేసుకుంటుంది. గోడకి కొట్టిన మందు అలా లోపలికి పోతుంది. సాలీడు కాలి కొసల మీద నడుస్తుంది, ఒళ్ళు పైకి ఎత్తి. గూట్లో వేలాడేది అసలు గోడనే తాకదు. నేరుగా దాని మీద కొడితే చస్తుంది, గోడకి కొడితే గోడకే.

అజిత్‌సింగ్‌నగర్_సుబ్బు
2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా వీధిని ముంచినప్పుడు చూడాల్సింది. నీళ్ళు తీశాక మేడమెట్ల చువ్వలు, పైపులు, కరెంటు మీటరు పెట్టె, ఎక్కడ చెయ్యి వేసినా సాలీడే. కింద ఉన్నవన్నీ నీళ్ళతో పాటు పైకి ఎక్కాయి. నెలరోజులు మెట్లెక్కేటప్పుడు మొహానికి దారాలు తగిలేవి. మా ఆవిడ చీపురు ముందు పెట్టుకుని ఎక్కేది, కాగడా పట్టినట్టు.

బందరురోడ్డు_బాబాయ్
మీ కష్టం ముందు మా బూజు ఎంత సుబ్బూ.

కొరిటెపాడు_కుర్రోడు
ప్లగ్గులో పెట్టే మిషన్ ఉంటుంది కదా, మనకి వినపడని శబ్దం చేసి పురుగుల్ని తరిమేది. ఆన్‌లైన్‌లో 399. ఎవరైనా వాడారా?

బ్రాడీపేట_పద్మ
వాడాను. మూడో వారం ఆ మిషన్ మీదే గూడు కట్టింది. వెచ్చగా ఉంటుందనుకుంటా.

రిటైర్డ్_జువాలజీ
అమెరికాలో వ్యాపారాల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2001లోనే అలాంటివి తయారుచేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకి హెచ్చరిక లేఖలు రాసింది, రుజువు లేకుండా ప్రచారం చేయకండని. పాతికేళ్ళు కావొస్తోంది, ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

కొరిటెపాడు_కుర్రోడు
ఆర్డర్ క్యాన్సిల్ చేశా. థ్యాంక్స్ సార్.

లీడ్స్‌లో_తెనాలమ్మాయి
ఇక్కడ ఇంగ్లండులో కూడా శరత్కాలం వస్తే ఇదే గోల, కారణం మాత్రం వేరు. సెప్టెంబరులో ఇళ్ళల్లో ఉండే మగ సాలీళ్ళు జత కోసం గూళ్ళు వదిలి బయల్దేరతాయి. రాత్రి టీవీ చూస్తుంటే కార్పెట్ మీద అడ్డంగా పరుగు. స్నానాల తొట్టిలో పడితే నున్నటి గోడ ఎక్కలేక అక్కడే ఉండిపోతాయి. వీళ్ళేమో కాలువ గొట్టంలోంచి పైకి వచ్చిందనుకుంటారు.

వీళ్ళకీ ఓ చిట్కా ఉంది. కాంకర్లని, నున్నటి గోధుమరంగు కాయలు, గుర్రపు చెస్ట్‌నట్ చెట్టువి. గదిమూలల్లో పెడితే సాలీళ్ళు రావంటారు. కార్న్‌వాల్‌లో ఒక బడి పిల్లలు కూర్చుని పరీక్షించారు. సాలీళ్ళు ఆ కాయల మీదుగానే నడిచి వెళ్ళాయట. ఆ పిల్లలకి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ బహుమతి కూడా ఇచ్చింది.

కృష్ణలంక_కిట్టు
కర్పూరం మూటకి కూడా అలాంటి పిల్లలు కావాలి.

బందరురోడ్డు_బాబాయ్
కిట్టూ, ఆ ఐదేళ్ళ లెక్క పట్టుకుని నువ్వే వెళ్ళొచ్చు.

పుదీనా_పచ్చడి
పెప్పర్‌మెంట్ నూనె పనిచేస్తుందని ఎక్కడ చూసినా ఉంది. నిజమేనా మాష్టారూ? నా పేరు చూసి అబద్ధం చెప్పకండి.

రిటైర్డ్_జువాలజీ
2018లో సాలీళ్ళ మీద ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. నిమ్మనూనెని అవి అసలు లెక్కచేయలేదు. పెప్పర్‌మెంట్ రాసిన వైపు మాత్రం కొన్ని జాతులు తప్పించుకున్నాయి. అది చిన్న పెట్టెలో. ఇంట్లో ఫ్యాను కింద ఆ వాసన ఎన్ని గంటలు నిలుస్తుంది చెప్పండి. పైగా మన పుదీనా, అదీ ఒకటి కాదు. మీ పేరుని పచ్చడికే ఉంచుకోండి.

ఇద్దరు_పిల్లల_తల్లి
మీరంతా నవ్వుకుంటున్నారు గానీ నాకు భయంగా ఉంది. మాది కానూరు. మా చిన్నాడికి మెడ మీద పొడుగ్గా చార, దాని మీద పొక్కులు. మంట అని ఏడుస్తున్నాడు. రాత్రి పడుకున్నప్పుడు సాలీడు పాకిందని మా పక్కింటి ఆవిడ చెప్పింది. పసుపూ సున్నం రాయమంది. ఈ సాలీళ్ళు అంత విషమా?

భవానీపురం_భాను
సాలీడే. మా ఇంట్లో ముగ్గురికి అయింది. పాకినచోటల్లా చార పడుతుంది. మా అమ్మమ్మ గోరింటాకు రుబ్బి పట్టు వేసేది.

నైట్‌డ్యూటీ_నర్సు
ఇద్దరు పిల్లల తల్లి గారూ, సున్నం మాత్రం రాయకండి. కాలిన చర్మం మీద ఇంకో కాలుడు.

నేను కొన్నేళ్ళు చర్మం ఓపీలో చేశా. ఏటా వానలు తగ్గే ఈ రోజుల్లో వరసగా వస్తారు, అందరూ చెప్పేది ఒకటే మాట, "సాలీడు పాకింది". సాధారణంగా అది సాలీడు పని కాదు. ఒక చిన్న పురుగు ఉంటుంది, పెద్ద చీమలా, సన్నగా, ఎరుపు నలుపు పట్టీలతో. తోక పైకెత్తి పరిగెడుతుంది. యాసిడ్ పురుగంటారు కొందరు. వరి పొలాల్లో, తడి నేలలో ఉంటుంది, రాత్రి లైటుకి వస్తుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీదో చేతి మీదో వాలితే మనం నిద్రలో నలిపేస్తాం. దాని ఒంట్లో రసం అంటి, చెయ్యి ఎటు లాగితే అటు చార. పొక్కు ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది కాబట్టి అసలు దోషి ఎవరికీ కనపడదు. గోడ మీద కనపడ్డ సాలీడు బలి.

మోచేయి మడతలో పడితే రెండు వైపులా అచ్చు గుద్దినట్టు జంట పొక్కులు వస్తాయి. చూడగానే తెలిసిపోతుంది.

పురుగు ఒంటి మీద వాలితే నలపకండి, ఊదేయండి, లేదా కాగితంతో తోసేయండి. ఆ చోటు వెంటనే సబ్బుతో కడగండి. ఆ చేత్తో కళ్ళు మాత్రం రుద్దుకోకూడదు. బాబుకి పొక్కులు చిదమకుండా చూసి, ఒకసారి చర్మం డాక్టరుకి చూపించండి. కంటి దగ్గరకి వస్తే ఆలస్యం చేయొద్దు.

భవానీపురం_భాను
మా అమ్మమ్మ 90 ఏళ్ళు బతికింది. ఆవిడకి తెలియదంటారా?

నైట్‌డ్యూటీ_నర్సు
గోరింటాకు చల్లగా ఉంటుంది, కాదనను. నేను కాదంటున్నది పురుగు పేరు ఒక్కటే.

భవానీపురం_భాను
నేనైతే సాలీడనే అంటా.

బందరురోడ్డు_బాబాయ్
భాను గారి ఇంట్లో సాలీళ్ళకి బెయిల్ రాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
నర్సు గారూ, వాడి మంచం పక్కనే కిటికీ, బయట ట్యూబులైటు. పొద్దున్నే దిండు దులిపితే మీరు చెప్పిన పురుగే, నలిగిపోయి ఉంది. ఒళ్ళు జలదరించింది. సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా.

పెనమలూరు_పొలంగట్టు
వరి మాట వచ్చింది కాబట్టి నాదో ముక్క. మాకు ఐదెకరాల వరి. చేలో సాలీడు కనపడితే రైతుకి సంతోషం. దోమపోటు తెచ్చే సుడిదోమని తినేది అదే. వ్యవసాయాధికారులు వచ్చినప్పుడల్లా చెప్పేది, సాలీడు మిత్రపురుగు, లెక్క చూడకుండా మందు కొట్టకండని. ఒక ఏడాది మా పెదనాన్న కంగారుపడి వారం తేడాలో రెండుసార్లు కొట్టేశాడు. దోమ కొంచెం తగ్గింది, సాలీళ్ళు మొత్తం పోయాయి. తర్వాత వచ్చిన దోమకి అడ్డే లేదు. చేను మధ్యలో గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోయింది.

మూడో అంతస్తు గారి ఇంట్లోనూ పురుగు ఉన్నచోటికే సాలీడు వస్తోందేమో అనిపిస్తోంది. ఇప్పుడు లైట్ల దగ్గర పచ్చగా ముసురుతున్నవి మా చేల నుంచి వచ్చే దీపపు పురుగులే. మీ బాల్కనీలో ఏం లైటు ఉంది?

మూడో_అంతస్తు
తెల్ల ఎల్ఈడీ, 20 వాట్లు. రాత్రంతా వెలుగుతుంది, దొంగల భయానికి. ఎదురుగా ఖాళీ స్థలం, నిండా పిచ్చి చెట్లు.

పెనమలూరు_పొలంగట్టు
అన్నా, అది లైటు కాదు, భోజనానికి కొట్టే గంట.

రిటైర్డ్_జువాలజీ
సరిగ్గా చెప్పాడు పొలంగట్టు. నీలం కాంతి ఎక్కువున్న తెల్ల లైటుకి పురుగు బాగా వస్తుంది. పసుపు రంగు బల్బుకి బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. మసక చీకటి పడే వేళ నుంచి రెండు మూడు గంటలు బాల్కనీ లైటు ఆపి, హాలు కర్టెన్లు దగ్గరికి లాగి చూడండి. పురుగు రాకపోతే సాలీడు మీ ఇంట్లో పస్తులుండదు, వెళ్ళిపోతుంది.

ఏసీ_మెకానిక్_రాజా
నేను రోజూ నాలుగైదు ఇళ్ళు తిరుగుతా. చెప్పేది వినండి. ఏసీ పైపు గోడలోంచి వెళ్ళే కన్నం చుట్టూ సందు ఉంటుంది, మూసేవాళ్ళు పదింట్లో ఇద్దరు. బిగించినవాడు కాగితం కుక్కి పోతాడు. తెల్ల సిమెంటు పెట్టండి. బాత్రూం వెంటిలేటర్‌కి అద్దాల పలకలుంటాయి, వాటి వెనక దోమల జాలీ కొట్టించండి. నీళ్ళ జాలీ మీద రాత్రిపూట మూత. మెయిన్ డోర్ కింద రబ్బరు పట్టీ, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. అంతా కలిపినా పెస్ట్ కంట్రోల్ బిల్లులో సగం కాదు.

ఇంకోటి. స్ప్లిట్ ఏసీ పైన చూశారా ఎప్పుడైనా? నేను మూత తీసిన ప్రతిసారీ అక్కడో సంసారం ఉంటుంది.

బ్రాడీపేట_పద్మ
ఇప్పుడే స్టూలు వేసుకుని చూశా. చూడకుండా ఉండాల్సింది.

విద్యాధరపురం_విశాలాక్షి
బూజు ఎలా తీయాలో కూడా చెప్తా. చీపురుతో ఇటూ అటూ కొడితే సగం గోడకే అంటుకుంటుంది, సాలీడు తప్పించుకుంటుంది. కర్ర చివర తడి గుడ్డ చుట్టి, మూలలో పెట్టి మురుకుల గొట్టం తిప్పినట్టు తిప్పుతూ తీయండి. దారం, సాలీడు, గుడ్లు అన్నీ గుడ్డకి చుట్టుకుంటాయి. ఆ గుడ్డ బయట దులపాలి. మాకు పండక్కి పండక్కీ కాదు, వారం వారం. మంగళ శుక్రవారాలు తప్ప.

కొరిటెపాడు_కుర్రోడు
మంగళ శుక్రవారాలు ఎందుకు వద్దు ఆంటీ?

విద్యాధరపురం_విశాలాక్షి
లక్ష్మి పోతుందంటారు.

కొరిటెపాడు_కుర్రోడు
మా ఇంట్లో మిగతా రోజుల్లో కూడా పోతోంది.

విద్యాధరపురం_విశాలాక్షి
అది ఆన్‌లైన్ ఆర్డర్ల వల్ల నాయనా, 399 గుర్తుందా?

గుంటూరు_గొడ్డుకారం
ఎవరూ అడగలేదు గానీ, చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోతే మా నాయనమ్మ గోడకున్న తెల్లటి సాలీడు గూడు, బిళ్ళలా ఉంటుంది, తీసి అతికించేది. రక్తం ఆగిపోయేది. ఆ లెక్కన ఇప్పుడు మూడో అంతస్తు గారి ఇల్లు ఒక మందుల షాపు.

నైట్‌డ్యూటీ_నర్సు
దాంతోపాటు గోడ దుమ్ము కూడా అతుక్కుంటుంది. ఆ పని ఎవరూ చేయకండి, కుళాయి నీళ్ళతో కడిగి శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకుంటే చాలు.

కృష్ణలంక_కిట్టు
అసలు ప్రశ్న. ఈ పెద్దది కరిస్తే ప్రమాదమా కాదా?

రిటైర్డ్_జువాలజీ
దాదాపు అన్ని సాలీళ్ళకీ విషం ఉంటుంది, అది పురుగుని పడగొట్టేంతే. ఈ వేటగాడిని చేత్తో నొక్కిపెడితే కరుస్తుంది, నొప్పి ఉంటుంది, ప్రాణం మీదకి రాదు. దాని మొదటి ఆలోచన పారిపోవడమే.

నిజంగా అపురూపమైన సాలీడు కావాలంటే మన రాష్ట్రంలోనే ఉంది. ముదురు నీలం, లోహం మెరిసినట్టు మెరిసే టారంటులా. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది కాబట్టి ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. కలపతో పాటు రైలెక్కి వచ్చిందన్నమాట. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉంది.

బందరురోడ్డు_బాబాయ్
టిక్కెట్టు లేని ప్రయాణీకుడికి ఊరి పేరు పెట్టారు. మేము పాసు కొని తిరుగుతున్నాం, ఒక సందుకి కూడా మా పేరు లేదు.

లీడ్స్‌లో_తెనాలమ్మాయి
మాష్టారూ, ఇంకొంచెం చెప్పండి అని అడుగుదామనుకున్నా. రాత్రి పదకొండు ఇక్కడ, గోడ వైపు చూసి మానేశా.

మూడో_అంతస్తు
మూడు వారాలైంది, చేసినవి చెప్తా. బాల్కనీకి 7 వాట్ల పసుపు బల్బు వేశా, తొమ్మిదిన్నర దాకా అదీ ఆపుతున్నా. మొదటి రెండు రోజులూ మా ఆవిడ చీకట్లో పూలకుండీ తన్నుకుంది, ఆ ఖర్చు నాదే. రాజా గారు చెప్పినవాటిలో మూడు కన్నాలు మూశా. ఏసీ పైపు దగ్గర నిజంగానే కాగితం ఉంది, 2019 నాటి తెలుగు పేపరు, వాతావరణం పేజీ. విశాలాక్షి గారి మురుకుల పద్ధతి బుధవారం, ఆదివారం. హాల్లో, టీవీ వెనకాల కొత్త దారం లేదు. వంటింటి అటక మీద మాత్రం ఇంకా ఉన్నాయి, అక్కడ అట్టపెట్టెలు తీస్తే గానీ పోవు. ఆ పెట్టెలు అత్తగారివి.

నా లెక్క ప్రకారం సగానికి పైగా తగ్గాయి. లైటుకే ఎక్కువ మార్కులు వేస్తా.

కృష్ణలంక_కిట్టు
బాత్రూం ఆయన?

మూడో_అంతస్తు
ఆయన కాదు, ఆవిడ. నిన్న రాత్రి చూస్తే పొట్ట కింద తెల్లటి బిళ్ళ ఒకటి పట్టుకుని తిరుగుతోంది, అప్పడం మడత పెట్టి మోస్తున్నట్టు. ఏంటది మాష్టారూ?

రిటైర్డ్_జువాలజీ
గుడ్ల సంచి. పిల్లలు బయటికి వచ్చేదాకా తిండి కూడా మానేసి మోస్తుంది. వందకి పైనే ఉంటాయి అందులో.

బ్రాడీపేట_పద్మ
వంద!

భవానీపురం_భాను
చెప్పు తీసుకోండి. ఇంకా ఆలోచిస్తారేంటి?

మూడో_అంతస్తు
నేనూ చెప్పే తీశా భాను గారూ. అత్తగారు అడ్డం పడ్డారు. కార్తీక మాసం, పైగా శ్రీకాళహస్తిలో "శ్రీ" అంటే సాలీడే, శివుడికి గూడు అల్లి మోక్షం పొందింది, కడుపుతో ఉన్నదాన్ని చంపుతావా అని. మూడు వారాల క్రితం ఇదే సాలీడు నా అశుభ్రతకి సాక్ష్యం.

బందరురోడ్డు_బాబాయ్
సాలీడుకి మోక్షం దొరికింది, అల్లుడికి ఎప్పుడో.

రిటైర్డ్_జువాలజీ
ఎవరి నమ్మకం వారిది, పట్టుకుని బయట వదలడం మాత్రం తేలికే. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా గోడకి ఆనించి మీద పెట్టండి, గాజుగ్లాసు సరిపోదు, కాళ్ళు తెగుతాయి. వెనక నుంచి గట్టి అట్టముక్క మెల్లగా జరపండి. తెల్లవారుజామున అయితే మందకొడిగా ఉంటుంది. వదిలేది చెట్ల దగ్గర, పక్కింటి బాల్కనీలో కాదు.

ఏసీ_మెకానిక్_రాజా
వదిలాక వెంటిలేటర్‌కి జాలీ కొట్టించండి. ఇంకా కొట్టించలేదని నాకు తెలుసు.

మూడో_అంతస్తు
కొట్టించలేదు. ఈ ఆదివారం.

ఇద్దరు_పిల్లల_తల్లి
మా బాబుకి తగ్గింది. నల్లటి మచ్చ ఉంది, పోతుందన్నారు డాక్టరు. కిటికీకి జాలీ వేయించాం, మంచం కిటికీకి దూరంగా జరిపాం. నర్సు గారికి ఎలా చెప్పాలో తెలియట్లేదు. పక్కింటి ఆవిడ మాత్రం ఇంకా సాలీడే అంటోంది.

భవానీపురం_భాను
ఆవిడ నంబరు ఇవ్వండి.

మూడో_అంతస్తు
పొద్దున్న ఐదింటికి పని అయిపోయింది. డబ్బా పెట్టాను, అట్ట జరిపాను, మా అబ్బాయి సెల్‌ఫోను టార్చి పట్టాడు. ఒక కాలు బయట ఉండిపోతే ఆగి మళ్ళీ సర్దా, అదీ సర్దుకుంది. గుడ్ల సంచి వదల్లేదు. కింద ఖాళీ స్థలంలో తుమ్మచెట్టు మొదట్లో మూత తీశా, నిమిషం పాటు కదలకుండా ఉండి, ఒక్క ఉరుకులో బెరడు మీద కలిసిపోయింది. చీకట్లో డబ్బా పట్టుకుని ఏం చేస్తున్నారని వాచ్‌మన్ అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు, వాకింగ్ అన్నా.

మా ఆవిడ ఇన్ని రోజుల తర్వాత ఆ బాత్రూంలోకి వెళ్ళింది. ఇప్పుడు వంటింట్లోంచి అత్తగారి గొంతు వినపడుతోంది, మినపప్పు డబ్బా కనపడట్లేదట. ఉంటా.